లాడ్జిలో వంశపారంపర్య హక్కులు

మర్యాద మనిషికి పుట్టుకతో వస్తుందని ఆ కాలంలో నేను గట్టిగా నమ్మేవాణ్ణి. కొందరు కుర్చీలో కూర్చోవడానికి పుడతారనీ, కొందరు మెట్ల మీద కూర్చోవడానికి పుడతారనీ, ఆ ఏర్పాటు ఎక్కడో పైన ఎప్పుడో జరిగిపోయిందనీ నా ఉద్దేశం. ఇది నాకు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో మా ఇంటిని దివాణం అనేవారు. ఆ ఇంట్లో పుట్టినవాడికి ఇలాంటి అభిప్రాయాలు గాలితోపాటు లోపలికి వెళ్ళిపోతాయి. నేను పుట్టేనాటికి ఆ దివాణంలో మిగిలినవి పేరు, వీధివైపు మెట్లు, మా అమ్మగారి కంఠం మాత్రమే. భూములు కొన్ని మా తాతగారి దానాలకీ, మిగిలినవి మా నాన్నగారి వ్యాజ్యాలకీ వెళ్ళిపోయాయి. (తాతగారి చేతిమీదుగా పోయిన భూముల గురించి మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవారు. నాన్నగారి చేతిమీదుగా పోయినవాటి గురించి ఎవరూ ఎత్తేవారు కాదు. భూమి దృష్టిలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా ఉండదనుకుంటాను.)

ఎనభైల మొదట్లో, డిగ్రీ పట్టా చేతికొచ్చి, దాన్ని చూపించడానికి ఎక్కడికీ వెళ్ళడం ఇష్టంలేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో, అమలాపురం బస్టాండు దగ్గర కొత్తగా కట్టిన ఒక లాడ్జికి మేనేజరు కావాలని తెలిసింది. లాడ్జి యజమానిది మా ఊరే. ఆయన తల్లిదండ్రులు మా పొలాల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆయన చర్చి బడిలో చదువుకుని, కువైట్ వెళ్ళి, అక్కడ ఒక పెద్ద హోటల్లో గదులు సర్దే పనిలో చేరి, ఏళ్ళ తరబడి ఉండి, తిరిగొచ్చి, తెచ్చుకున్నదంతా ఆ మేడమీద పెట్టారు. కింద భోజన హోటలు, పైన గదులు, ముందు పెద్ద వరండా. ఊరంతా ఆయన్ని కువైట్‌గారు అనేది.

నేను వెళ్ళేసరికి ఆయన కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. కూర్చోమని నేనన్నాను. "తమరు కూర్చోండి బాబుగారూ" అన్నారాయన. యజమాని నిలబడి ఉండగా కూర్చోకూడదని ఎక్కడో చదివిన జ్ఞాపకం వల్ల నేను కూర్చోలేదు. దివాణం బిడ్డ నిలబడి ఉండగా కూర్చోవడం అలవాటు లేక ఆయనా కూర్చోలేదు. నా ఉద్యోగం ఖాయమయ్యేదాకా మేమిద్దరం ఒక ఖాళీ కుర్చీకి అటూ ఇటూ నిలబడే మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చి చెబితే మా అమ్మగారు కాసేపు ఆలోచించి, "ఉద్యోగం అనకు. మనవాడి వ్యాపారం అజమాయిషీ చేస్తున్నానని చెప్పు" అన్నారు. నాకూ ఆ మాటే బాగుందనిపించింది.

అజమాయిషీ నేను ఎలా చేశానంటే, దిగిన ప్రతి మనిషినీ మా ఇంటికొచ్చిన చుట్టంలాగే చూశాను. ఇది వినడానికి బాగానే ఉంటుంది. కానీ మా ఇంట్లో చుట్టాలందరూ ఒకటి కాదు. ఎవరికి ఎదురెళ్ళాలో, ఎవరికి గుమ్మం దాకా వెళ్ళాలో, ఎవరికి ఉన్నచోటే తల పంకించాలో మాకు తెలుసు. లాడ్జిలోనూ అలాగే, బస్సు దిగి పెట్టె మోసుకొచ్చే మనిషిని తల నుంచి కాలిదాకా చూసి, ఆయనకు తగిన మర్యాద ఏదో నిర్ణయించి, అది మాత్రమే చేసేవాణ్ణి. కొందరు గది తాళం నా చేతిలోంచి అందుకుంటూ, తాము ఏదో పరీక్ష తప్పినట్టు మొహం పెట్టేవారు.

కువైట్‌గారు ఇవన్నీ చూస్తూనే ఉండేవారు. ఏమైనా చెప్పాలనిపిస్తే, "బాబుగారూ, ఒక్క మాటండి" అని మొదలుపెట్టేవారు. నేను నా పద్ధతి వివరించేవాణ్ణి. అంతా విని "ఆయ్" అనేవారు. మా వైపు ఆయ్ అంటే అవునని అర్థం. కువైట్‌గారి ఆయ్‌కి మాత్రం చాలా అర్థాలుండేవి. సరేనండి అని ఒకటి, విన్నానండి అని ఒకటి, తమరు చెప్పింది నాకు నచ్చలేదు గాని తమరు ఫలానావారి మనవలు కదండీ అని ఇంకొకటి. ఈ మూడోదాన్ని గుర్తుపట్టడం నాకు చాలాకాలం చేతకాలేదు.

ఇలా ఉండగా మాకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతలిపక్క, ఇంకొక లాడ్జి వెలిసింది. వాళ్ళు గుమ్మానికి రంగు దీపాలు పెట్టారు, పొద్దస్తమానం టేప్‌రికార్డరు వాయించేవారు. మా దగ్గర దిగేవాళ్ళు ఒక్కొక్కరే, మా వరండా వైపు చూడకుండా తల వంచుకుని అటు దాటుకోవడం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం కువైట్‌గారు కౌంటరుకి అవతలివైపు నిలబడి, ఎప్పుడూ లేనిది, తన ఇంటి సంగతి ఎత్తారు.

"బాబుగారూ, నేను కువైట్ నుంచి వచ్చేసిన రోజు మా పాప నన్ను చూసి లోపలికి పరిగెత్తి, 'అమ్మా, ఎవరో వచ్చేరు' అని చెప్పిందండి. అది నన్ను నాన్నా అని పిలవడానికి చాన్నాళ్ళు పట్టిందండి. ఇప్పుడిప్పుడే దగ్గరికి వస్తంది. ఈ లాడ్జి నిలబడకపోతే నేను మళ్ళీ విమానం ఎక్కాల్సిందేనండి. వేరే దారి లేదు."

నేను కౌంటరు మీదున్న తాళంచెవులు వరసగా సర్దాను. అలాంటి మాటలకు ఏమనాలో మా ఇంట్లో నేర్పలేదు.

"అక్కడ నేను పనిచేసిన హోటల్లో ఒక పద్ధతి ఉండేదండి" అన్నారాయన. "ఒకసారి దిగినాయన మళ్ళీ వస్తే, ఆయనకేది ఇష్టమో గుర్తుపెట్టుకుని, అడక్కుండా ఆ గదిలో పెట్టేవాళ్ళం. ఇద్దరు ముగ్గురికి తలగడ మెత్తగా ఉండాలి, ఒకాయనకి కిటికీ తెరిచి ఉండాలి. ఏం లేదండి, మిమ్మల్ని గుర్తుపెట్టుకున్నాం అని చెప్పడమంతే. దానికోసం మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. మనం కూడా అలాంటిదేదైనా చెయ్యాలండి. మర్యాదలంటే తమరింట్లో పుట్టినవే కదా. తమరే ఏదైనా ఆలోచించి పెట్టండి."

దివాణాన్ని పోగొట్టుకున్న తరవాత మా వంశంలో ఎవరినైనా ఎవరైనా సలహా అడగడం అదే మొదటిసారి. నేను ఆ రోజంతా గంభీరంగా ఆలోచించాను. ఆయన చెప్పింది తలగడల గురించి. నేను ఆలోచించింది సన్నదుల గురించి, అంటే దివాణాలు ఇచ్చే హక్కుల గురించి. మా తాతగారు మెచ్చినవాళ్ళకి ఏం చేసేవారు? ఒకరికి దర్బారులో ఫలానా చోట కూర్చునే హక్కు, ఒకరికి తాంబూలం ముందుగా అందుకునే హక్కు, ఒకరికి దివాణం మెట్ల దాకా బండి తోలుకొచ్చే హక్కు. ఇచ్చిన హక్కు ఇచ్చిందే, కొడుక్కీ మనవడికీ వర్తిస్తుంది. ఖర్చు లేని పని. జనం దానికోసం ప్రాణం పెట్టేవారు.

మర్నాటినుంచి మా లాడ్జిలో సన్నదులు మొదలయ్యాయి. మలికిపురం నుంచి అంబాజీపేట మార్కెట్టుకు వచ్చిపోయే కొబ్బరి కమీషన్ వ్యాపారి ఒకాయన ఉండేవారు. భారీ మనిషి. ఆయనకి వరండాలో ఉన్న ఒకే ఒక పడక్కుర్చీ ఇచ్చాను. ఇక ఆ కుర్చీలో ఆయన తప్ప ఎవరూ కూర్చోరాదు. కోర్టు వాయిదాలకి వచ్చే ఒక రిటైర్డు అమీనుగారికి కాలవ గాలి వచ్చే మూలగది ఇచ్చాను. ఆయన ఊళ్ళో లేకపోయినా ఆ గది తాళం తియ్యరాదు. బడి పుస్తకాల కంపెనీ తరఫున తిరిగే ఒకాయనకి పంక్తిలో మొదటి ఆకు ఇచ్చాను. ఆయన ఆకులో వడ్డించాకే మిగిలిన ఆకుల్లో వడ్డన. ప్రతి ఒక్కరికీ వరండాలో నలుగురి ఎదుట, నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి, తమలపాకులూ వక్కా చేతిలో పెట్టి, "ఇది దివాణం మాట" అని చెప్పి మరీ ఇచ్చాను. (లాడ్జి మాట అనడం నాకు నోరు రాలేదు.)

విత్తనాల కంపెనీ మనిషి ఒకాయన, బక్కపల్చటి మనిషి, ఇదంతా చూసి నా దగ్గరికొచ్చి చిన్న గొంతుతో, "నేనూ మొదట్నించీ ఇక్కడే దిగుతున్నానండి" అన్నారు. ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. చుట్టూ చూసి, వరండా స్తంభానికి ఉన్న మేకు ఇచ్చాను. ఆ మేకుకి ఆయన గొడుగు తప్ప ఇంకొకరి గొడుగు తగిలించరాదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే, నేనిచ్చిన సన్నదులన్నిటిలోకీ దాన్ని అంత శ్రద్ధగా అనుభవించినవారు లేరు. ఎండాకాలంలో కూడా గొడుగు తెచ్చేవారు.

మొదట్లో అంతా అద్భుతంగా జరిగింది. ఎదుటి లాడ్జికి దాటుకున్న పెద్దలు వెనక్కి వచ్చారు. పడక్కుర్చీగారు తన పని లేని రోజున కూడా వచ్చి, కుర్చీలో కూర్చుని, రోడ్డున పోయేవాళ్ళకి కనపడి వెళ్ళేవారు. కువైట్‌గారి మొహం తేటపడింది. "తమరి బుర్రే బుర్రండి" అన్నారు. నేను తల పంకించాను. మా తాతగారు అలాగే పంకించేవారని విన్నాను.

తరవాత హక్కులు పెరగడం మొదలుపెట్టాయి. హక్కుకి ఉన్న గుణం అది. నీళ్ళు పొయ్యకపోయినా పెరుగుతుంది. ఒకరోజు ఎవరో కుర్రవాడు తిన్నగా వచ్చి పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. లెమ్మన్నాను. "ఇది మా మావయ్యగారిదండి. ఆయన రాలేకపోయేరు, నన్ను కూర్చోమన్నారు" అన్నాడు. నాకు కోపం రాలేదు సరిగదా, మేనల్లుడికి హక్కు సంక్రమిస్తుందా లేదా అన్న ప్రశ్నలో పడిపోయాను. పుస్తకాలాయన భోజనానికి ముందు స్నానం, స్నానానికి ముందు నిద్ర అలవాటున్న మనిషి. ఆయన కిందికి దిగేదాకా పంక్తి మొత్తం ఖాళీ ఆకుల ముందు చేతులు కట్టుకుని కూర్చునేది. పనసపొట్టు కూర చల్లారిపోయేది. మోటారు కంపెనీ డ్రైవరు ఒకాయన, "ఏవండీ, ఆ మొదటి ఆకాయనకి ఒంట్లో బాగుందాండీ? దణ్ణవైనా పెట్టుకుంటాం, తొందరగా లేవమనండి" అని పైకి కేక వేశాడు. అమీనుగారు తన గది తాళంచెవి జేబులో వేసుకుని ద్రాక్షారామం వెళ్ళిపోయారు, అక్కడ కూతురి పురిటికని. ఎండలు మండుతున్న రోజుల్లో మూలగదిలో గాలి ఒక్కటే దిగి ఉండేది.

మేకుగారు ఫిర్యాదు చేశారు. తను లేనప్పుడు ఎవరో దానికి తువ్వాలు తగిలించారట. ఆనవాలుగా తడి చూపించారు.

ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళకి మా లాడ్జిలో కూర్చునే చోటు, తినే వేళ, పడుకునే గది, అన్నీ ఎవరో ఒకరివి. వాళ్ళు కాసేపు నిలబడి, ఎదుటి లాడ్జిలోకి వెళ్ళిపోయేవారు. కువైట్‌గారు ఒకసారి, "బాబుగారూ, ఆ మూలగది ఊరికే ఉంది కదండీ" అన్నారు. "ఇచ్చిన మర్యాద వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు" అన్నాను. "ఆయ్" అన్నారు. మరికొన్నాళ్ళకి, కాకినాడలో ఏజెంటు ఒకతను వీసాలు తెప్పిస్తున్నాడని, ఒకసారి కలిసి వస్తానని చెప్పి, ఒక ఉదయం బస్సెక్కారు. ఎక్కేముందు, వెనక్కి తిరిగి లాడ్జిని ఒకసారి కింద నుంచి పైదాకా చూసుకున్నారు. అప్పటికి ఆ మూడో రకం ఆయ్ నాకు అర్థం కావడం మొదలైంది. అయినా వెన్ను వంచడం ఎలాగో తెలియలేదు.

ఆ రోజే గోదావరి పోటెత్తింది. పొద్దుటినుంచి ముసురు. రాజోలు వెళ్ళాలంటే అప్పట్లో బోడసకుర్రు రేవు దగ్గర పంటు ఎక్కి వైనతేయ పాయ దాటాలి. వరద ఎక్కువై పంటు ఆపేశారని కబురొచ్చింది. రేవు నుంచి బస్సులు జనాన్ని వెనక్కి తెచ్చి అమలాపురంలో దింపేశాయి. పిల్లలూ పెట్టెలూ తడిసిన బుట్టలూ. ఎదుటి లాడ్జి కాసేపట్లో నిండిపోయింది. మిగిలినవాళ్ళు మా వరండాలోకి వచ్చారు. నేను కాదనలేదు. నిలబడనిచ్చాను. పడక్కుర్చీ ఖాళీగానే ఉంది. మూలగది తాళం వేసే ఉంది. భోజనాల వేళయింది గాని పుస్తకాలాయన ఇంకా నిద్ర లేవలేదు. నేను కౌంటరు వెనక నిటారుగా నిలబడి, అడిగినవాళ్ళందరికీ, "అది ఒకరిదండి" అని చెబుతున్నాను.

రాజోలు వైపు బడిలో పనిచేసే ఒక టీచరమ్మ, చంకలో పిల్లతో, ఆ కుర్చీకేసి చాలాసేపు చూసి, "ఏవండీ మేనేజరుగారూ, ఈ కుర్చీకి ఏవైనా జబ్బాండీ? ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు" అన్నారు. వరండా అంతా నవ్వింది. పక్కనున్న ముసలాయన, "కుర్చీలకే ఇంత మర్యాద చేస్తన్నారంటే, మనుషులకి ఇంకెంత చేస్తారోనమ్మా" అన్నాడు. నేను నవ్వలేదు. మా ఇంట్లో ఎవరైనా మమ్మల్ని చూసి నవ్వితే వినపడనట్టు ఉండాలని పద్ధతి.

అప్పుడు మెట్ల కింద ఒక ముసలావిడ కనిపించింది. నెత్తిన కొంగు, చేతిలో గుడ్డమూట, తడిసి ముద్దయి ఉంది. నాకు వెంటనే పోల్చుకోవడం కుదరలేదు. ఆవిడే నన్ను పోల్చుకుంది.

"బాగున్నారా బాబుగారూ? అమ్మగారు బాగున్నారాండీ?"

కువైట్‌గారి తల్లి. మా ఊరినుంచి రాజోలు అవతల ఉన్న కూతురింటికి బయలుదేరి, పంటు ఆగిపోతే రేవు నుంచి వెనక్కి వచ్చింది. లాడ్జి తెరిచిన రోజున ప్రార్థనకి వచ్చి వెళ్ళిందట. ఆ తరవాత ఇదే రావడం.

"లోపలికి రా. మీ వాడు కాకినాడ వెళ్ళాడు, సాయంత్రానికి వచ్చేస్తాడు" అన్నాను. చిన్నప్పటినుంచీ ఆవిడతో నేను మాట్లాడే తీరు అదే. మా అమ్మగారు, మా నాన్నగారు, నాకంటే చిన్నపిల్లలు కూడా ఆవిడని అలాగే పిలిచేవారు.

"పర్లేదు లెండి. ఇక్కడ బాగానే ఉంది" అని, రెండో మెట్టు మీద మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. పైన కప్పు ఉన్నది మూడో మెట్టు దాకానే. ముసురు ఆవిడ వీపు మీద పడుతోంది.

మా దివాణం మెట్లకి కూడా అదే ఏర్పాటు. ధాన్యం కొలిచే రోజున వాళ్ళంతా రెండో మెట్టు దాకా వచ్చి ఆగేవారు. ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళ కాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఈ మేడ ఆవిడ కొడుకు ఎడారిలో పడ్డ కష్టంతో కట్టినది. ఇందులో ప్రతి ఇటుకా ఆవిడదే. అయినా ఆవిడ రెండో మెట్టు మీద ఆగింది, ఎందుకంటే పైన నేను నిలబడి ఉన్నాను. లాడ్జి ఎవరిదైతేనేం, నేనున్నంతసేపూ ఆవిడకి అది దివాణమే.

"ఏవండీ, పెద్దావిడ తడిసిపోతన్నారండి" అన్నారు టీచరమ్మ, ఈసారి ఎగతాళి లేకుండా.

నేను కౌంటరు తలుపు తీసుకుని బయటికి వచ్చాను. వరండా దాటి, మెట్లు దిగి, ఆవిడకంటే ఒక మెట్టు కిందికి వెళ్ళి, వానలో నిలబడి, ఆవిడ మూట తీసుకున్నాను. నా జీవితంలో ఇంకొకరి మూట మొయ్యడం అదే మొదలు.

"లోపలికి రండమ్మా. మీరు ఇక్కడ కూర్చోకూడదు. ఇది మీ అబ్బాయిగారి లాడ్జి" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. తన వెనక ఎవరో పెద్దావిడ వచ్చి నిలబడిందనీ, నేను ఆ మనిషితో మాట్లాడుతున్నాననీ అనుకుంది. వెనక రోడ్డు తప్ప ఎవరూ లేరు. మళ్ళీ నాకేసి తిరిగి, అయోమయంగా, "ఎవరినండీ?" అంది.

"మిమ్మల్నేనండి" అన్నాను.

ఆవిడ లేచింది. మూడో మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, నా మొహం చూసి, ఎక్కింది. తిన్నగా తీసుకెళ్ళి పడక్కుర్చీలో కూర్చోబెట్టాను. పడక్కుర్చీలో కూర్చోవడం అలవాటు లేక, వెనక్కి వాలకుండా, బస్సులో సీటు అంచున కూర్చున్నట్టు కూర్చుంది.

ఒకటి తెగాక మిగిలినవి తెగడానికి ఎంతోసేపు పట్టలేదు. సొరుగులో ఉన్న మారు తాళంచెవితో మూలగది తీసి, టీచరమ్మనీ పిల్లల తల్లులనీ అందులోకి పంపాను. సర్వరుని పిలిచి ఎవరు ముందు కూర్చుంటే వాళ్ళకి ముందు వడ్డించమన్నాను. వాడు నా మొహంలోకి నమ్మలేనట్టు చూసి, "మొదటి ఆకాయన లేవలేదండి" అన్నాడు. "లేచాక తింటారు" అన్నాను. స్తంభానికున్న మేకుకి ఎవరిదో చంటిపిల్ల గౌను ఆరేశారు. నేను చూసి కూడా ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడు పడక్కుర్చీగారు వచ్చారు. అంబాజీపేట నుంచి ఇంటికి బయలుదేరి, పంటు లేక ఆయనా ఆగిపోయారు. తడిసిన కండువా పిండుకుంటూ వరండా ఎక్కి, తన కుర్చీకేసి చూసి, అక్కడే నిలబడిపోయారు.

"మేనేజరుగారూ, ఆ కుర్చీ ఎవరిదండీ?"

"లాడ్జిదండి."

"నాకిచ్చేరు కదండీ. తాంబూలం చేతిలో పెట్టి, దివాణం మాట అని చెప్పేరు. ఆరోజు నలుగురూ విన్నారండి."

ముసలావిడ అప్పటికే లేవబోతోంది. "నేను కింద కూకుంటానండి బాబూ, ఆయన్ని కూకోనివ్వండి" అంటోంది. ఆవిడని కూర్చోమని చేత్తో సైగ చేసి, ఆయనవైపు తిరిగాను. ఏదైనా గట్టి సమాధానం చెబుతానని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"దివాణం ఇచ్చిందండి. నిజమే. ఆ దివాణం ఇప్పుడు లేదండి."

మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. భూమి రికార్డులకి తెలుసు, కోర్టుకి తెలుసు, ఊరికి తెలుసు. పైకి అన్నవాళ్ళు మాత్రం అప్పటిదాకా మా వంశంలో ఎవరూ లేరు. ఆ మాట అన్నాక ఆకాశం విరిగి పడుతుందేమోనని చూశాను. ముసురు మాత్రం అలాగే పడుతోంది.

పడక్కుర్చీగారు కండువా పిండడం ఆపారు. "అయితే నా మర్యాద మాటేంటండి?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే బెంగ ఎక్కువ ఉంది. పాపం, ఆ ప్రశ్నకు సమాధానం మా ఇంట్లోనూ ఎవరికీ తెలియదు. ఆయన కండువా భుజాన వేసుకుని రోడ్డు దాటి ఎదుటి లాడ్జిలోకి వెళ్ళిపోయారు. నిద్ర లేచి వచ్చి, తన ఆకులో ఎవరో మజ్జిగ పోసుకుంటూ ఉండటం చూసిన పుస్తకాలాయన ఆ వెనకే వెళ్ళారు. పై గదిలోంచి దిగివచ్చిన మేకుగారు గౌనుని జాగ్రత్తగా తీసి, మడతపెట్టి బల్లమీద పెట్టి, తన గొడుగు ఒకసారి మేకుకి తగిలించి, మళ్ళీ తీసుకుని, నాకు నమస్కారం చేసి మరీ వెళ్ళారు. అందరిలోకీ నాకు బాధ కలిగింది ఆయన విషయంలోనే.

చీకటి పడకముందే కువైట్‌గారు కాకినాడ నుంచి వంతెన దారిన చుట్టు తిరిగి వచ్చారు. వరండా నిండా జనం, మూలగది కిటికీలోంచి పిల్లల ఏడుపు, పడక్కుర్చీలో తన తల్లి. నేను ఎదురెళ్ళి జరిగింది చెప్పాను. మీ శాశ్వత అతిథులు ముగ్గురు ఎదుటి లాడ్జికి వెళ్ళిపోయారని, నాలుగో ఆయన తిరిగొచ్చాక ఆయనా వెళ్ళిపోతారని, బాధ్యత నాదేనని, రేపటినుంచి నేను రానని చెప్పాను. చెబుతున్నంతసేపూ నేను నిలబడే ఉన్నాను. ఆయన మాత్రం, నాకు తెలిసి మొదటిసారిగా, నా ఎదుట బల్ల మీద కూర్చున్నారు.

"అమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగారు.

"బాబుగారే దగ్గరుండి పెట్టించేరురా" అందావిడ. "నన్ను అండీ అంటన్నారు. ఏం తోచలేదు నాకు. ఒంట్లో కులాసాగానే ఉందా ఆయనకి?"

కువైట్‌గారు నాకేసి చూశారు. పక్కకి జరిగి, బల్లమీద నాకు చోటు చేశారు. కూర్చున్నాను. ఇద్దరం ఒకే బల్లమీద కూర్చుని వాన చూశాం. కాసేపయ్యాక, "వీసా ఏజెంటు పై నెల రమ్మన్నాడండి. రానని చెప్పేద్దామా?" అన్నారు. ఆయన నన్ను సలహా అడగడం అది రెండోసారి. ఈసారి నేను మా తాతగారి గురించి ఆలోచించలేదు. "పాపని అడగండి" అన్నాను.

మర్నాడు నేను మామూలుగానే కౌంటరు దగ్గరికి వెళ్ళాను. ఏజెంటు దగ్గరికి ఆయన మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళవలసిన అవసరం రాలేదనడం సరైన మాట. పంటు కదిలాక ఆ జనమంతా రాజోలు వైపూ, మలికిపురం వైపూ వెళ్ళి, వానలో తమకి చోటిచ్చిన లాడ్జి గురించి చెప్పుకున్నారు. ఆ తరవాత కోర్టు పనికో, ఆస్పత్రికో, పెళ్ళి బట్టలకో అమలాపురం వచ్చినవాళ్ళు తిన్నగా మా దగ్గరికి వచ్చేవారు. ఎవరిదీ కాని కుర్చీలో కూర్చుని, వచ్చిన వేళకి తిని వెళ్ళేవారు. టీచరమ్మ ఎప్పుడొచ్చినా, "కుర్చీకి ఎలా ఉందండీ ఇప్పుడు?" అని పరామర్శించేవారు. "కులాసాగానే ఉందండి" అని నేనూ చెప్పేవాణ్ణి. ఎదుటి లాడ్జివారు మా పెద్దల్ని మా దగ్గరికి మళ్ళీ పోనివ్వకూడదన్న పంతంతో, వాళ్ళడిగినవన్నీ ఇచ్చారు. పడక్కుర్చీ ఇచ్చారు, మొదటి ఆకు ఇచ్చారు, అమీనుగారికి మూలగది ఒకటి ఇచ్చారు, మేకుగారికి ఇత్తడి కొక్కెం పెట్టించారు. కొన్నాళ్ళకి ఆ లాడ్జి ముందు కొత్త మనుషులు నిలబడి, లోపల చోటు లేక, మా వైపు రోడ్డు దాటడం మా వరండాలోంచి కనపడేది. నేను నవ్వలేదు. ఆ వ్యవహారం ఎటు పోతుందో మా కుటుంబం కంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు? పడక్కుర్చీగారు చాలాకాలానికి ఒక మధ్యాహ్నం వచ్చి, మామూలు చెక్క కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుని, "కాఫీ ఇప్పించండి" అన్నారు. ఇప్పించాను. ఇద్దరం వాన రోజు సంగతి ఎత్తలేదు.

మొన్నీమధ్య పని మీద విశాఖపట్నం వెళ్ళి, ఒక పెద్ద హోటల్లో దిగాను. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి, మా మనవరాలి వయసు ఉంటుంది, కంప్యూటరులో చూసి, "సార్, మీరు మా మెంబరాండీ?" అని అడిగింది. కాదన్నాను. "సముద్రం వైపు గదులు మెంబర్లకే సార్" అంది, చాలా వినయంగా. నా వెన్ను దానంతటదే నిటారుగా లేచింది. నేను ఎవరి మనవణ్ణో ఆ అమ్మాయికి చెప్పడానికి నోరు కూడా తెరిచాను. ఇన్నేళ్ళ తరవాత, ఇంత వయసొచ్చాక. "ఇంకేమైనా కావాలా సార్?" అని అడిగింది. ఏమీ వద్దని చెప్పి, గోడ వైపున్న గదిలో పడుకున్నాను. మర్నాడు గది ఖాళీ చేసేటప్పుడు, ఎందుకో తెలియదు, ఆ మెంబరు కావాలంటే ఏం చెయ్యాలమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "ఏం లేదండి, మళ్ళీ రావాలంతే" అంది.

వస్తానని చెప్పాను.